సగంలో ఆగిన అప్పగింతల పాట

నేను లెక్కల మాస్టర్ని. ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పి, మచ్చ బొల్లారంలో చిన్న ఇల్లు కట్టుకుని, ఇప్పుడు పెన్షన్ మీద బతుకుతున్నాను. నాకు పాటల పిచ్చి లేదు. శ్రుతి అంటే ఏమిటో, అది తప్పితే జనం ఎందుకంత బాధపడతారో నాకు ఇప్పటికీ తెలియదు. అలాంటివాడిని పట్టుకుని పదేళ్లుగా పాటల గురించి తప్ప మరో మాట మాట్లాడని మనిషి గాలయ్య. మా వెనక గల్లీలో రేకుల గదిలో ఉంటాడు. విసుక్కుంటే పోడు, వినకపోతే ఆపడు. మొదట్లో అతను వస్తుంటే చూసి తలుపు వేసుకునేవాడిని. తర్వాత్తర్వాత, ఏం చెప్పమంటారు, ఒకరోజు రాకపోతే నేనే వెళ్లి చూసి రావడం మొదలుపెట్టాను.

గాలయ్యది మేడ్చల్. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పెండ్లంటే గాలయ్య మైకుసెట్టు ఉండాల్సిందే. రెండు హారన్లు, ఒక ఆంప్లిఫయర్, రికార్డు ప్లేయరు, రేకుపెట్టె నిండా రికార్డులు. అన్నీ ఎడ్లబండి మీదో ట్రాక్టరు మీదో వేసుకుని తెల్లారేసరికి పెండ్లింటికి చేరేవాడు. పసుపు దంచేటప్పుడు ఒక రికార్డు, తలంబ్రాలకు ఒకటి, బంతి భోజనాలకు నాలుగు, అప్పగింతలకు ఒకటి. ఇన్ని పెండ్లిళ్లకు మైకు కట్టినవాడికి తన పెండ్లికి మాత్రం తీరిక దొరకలేదు. నేను వేళాకోళం చేస్తే నవ్వేవాడు.

"మూర్తాలన్ని వేరేటోళ్లకే ఇచ్చిన సారూ, నాకు మిగలలే" అనేవాడు.

నవ్వేవాడే కానీ, అరవై ఆరేళ్ల మనిషి ఒక్కడే వండుకుని, ఒక్కడే తిని, ఒక్క పళ్లెం కడిగి బోర్లించుకోవడం నేను చాలాసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమనేది.

క్యాసెట్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి, ఆ తర్వాత ఫంక్షన్ హాళ్లు, డీజేలు. గాలయ్య మైకుసెట్టును జనం పిలవడం మానేశారు. అందరూ రికార్డులు పారేసే రోజుల్లో ఇతను పోగుచేయడం మొదలుపెట్టాడు. పాత ఇళ్లు కూలగొడుతున్నారంటే అక్కడుంటాడు. ఆదివారం వచ్చిందంటే తన టీవీఎస్ బండి మీద జవహర్‌నగర్‌లో జాఫర్ పాత సామాన్ల దుకాణానికి పోతాడు. ఊరందరి చెత్తా చేరే చోటు అది. ఆ కంపుకు నేను ముక్కు మూసుకుంటాను. గాలయ్యకు ముక్కున్నట్టే తోచదు. జాఫర్ రికార్డు కనబడితే చాలు, "గాలయ్య భాయ్‌కి" అని పక్కన పెడతాడు.

ఆ గదిలో తొమ్మిది వందల రికార్డులున్నాయి. అన్నీ నిలబెట్టే ఉంటాయి, పడుకోబెడితే వంగుతాయట. ఎండాకాలం రేకులు కాలితే రికార్డులు పాడవుతాయని పైకెక్కి తడి గోనెసంచులు పరుస్తాడు. తన ఒంటికి ఫ్యాను వేసుకోడు, కరెంటు పోతే రికార్డులకు విసనకర్రతో విసురుతాడు. దుమ్ము పట్టినదాన్ని కుంకుడు నురుగుతో కడిగి, నీడలో ఆరబెట్టి, పాత పంచె ముక్కతో తుడుస్తాడు. కన్నబిడ్డకు స్నానం చేయించినంత జాగ్రత్త.

అతనికొక సిద్ధాంతం ఉండేది. మనుషులు ఎదురుగా కూర్చుని పాడేదానికంటే రికార్డే మేలని. "మనిషికి దగ్గొస్తది, మాట తప్పుతది, టైముకు రాడు. రికార్డు ఎన్నిసార్లు వెట్టినా గట్లనే పాడతది సారూ. అది అబద్ధం ఆడదు" అనేవాడు. నాకు లెక్కల మీద ఉన్నంత నమ్మకం అతనికి రికార్డు మీద. అందుకే నేనూ వాదించలేదు.

నిరుడు చలికాలంలో ఒక ఆదివారం అతని వెంట జవహర్‌నగర్ పోవాల్సి వచ్చింది. మా ఇంటికో పాత ఇనుప తలుపు కావాలి. నేను తలుపు బేరం చేస్తుంటే గాలయ్య రికార్డుల వైపు తిరిగి కూడా చూడలేదు. వెనక షెడ్డులోకి పోయి, గోనెసంచులు గుమ్మరించి, పాత వీడియో క్యాసెట్లు ఒక్కొక్కటీ తీసి అట్టమీద రాసింది చదువుతున్నాడు. చదవడం, పక్కన పెట్టడం. రెండు గంటలు అదే పని.

జాఫర్ నా దగ్గరికి వచ్చి గోడు వెళ్లబోసుకున్నాడు. "సారూ, మీరన్న సమజాయించుండ్రి. ఎనిమిది నెలలాయె, గీ సంచుల్నే కిందమీద జేస్తుండు. పెండ్లి క్యాసెట్లు, ఎవలు కొంటరు గవి? పారేద్దమంటే వద్దంటడు. నాకు జాగ లేక మస్తు పరేషాన్."

తిరిగొచ్చేటప్పుడు బండి మీద వెనక కూర్చుని అడిగాను. "ఎవరి పెండ్లి క్యాసెట్టయ్యా అది? నీదైతే కాదు కదా!"

గాలయ్య నవ్వలేదు. బండి పక్కకు తీసి ఆపాడు. అక్కడే, లారీలు దుమ్ము కొడుతుంటే, రోడ్డు పక్కన నిలబడి చెప్పాడు.

శామీర్‌పేట చెరువు కింద నాట్లు వేసే ఆడవాళ్లలో సత్యమ్మ అని ఒకామె ఉండేది. ఆమె పాట ఎత్తుకుంటే పక్క మడిలోవాళ్లు కూడా పని మరిచి వినేవారట. ఎవరో విని, సికింద్రాబాదులో ఒక చిన్న కంపెనీవాళ్లకు చెబితే, వాళ్లు పిలిచి ఒక రికార్డు చేశారు. ఒక్కటే. దాని మీద అప్పగింతల పాట. పెండ్లయిన బిడ్డను తల్లి సాగనంపే పాట. రికార్డు పెద్దగా అమ్ముడుపోలేదు కానీ గాలయ్య చేతికి ఒకటి దొరికింది. ఆరేడేళ్లు ప్రతి పెండ్లికీ అప్పగింతల వేళకు అదే వేసేవాడు. సూది ఆనగానే ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకునేవారు.

"ఎట్లుంటదో ఇను సారూ" అని సన్నగా పాడాడు.

"సల్లంగ పోయిరా సిన్నారి బిడ్డా,
సద్ది గట్టిన బిడ్డా, సంకనేసుకోవే..."

తొంభై ఒకటి ఎండాకాలంలో మేడ్చల్‌లో జైపాల్ చెల్లెలి పెండ్లి. జైపాల్ అంటే ఆ ఊళ్లో పెద్ద రైతు. మైకు గాలయ్యదే. జైపాల్‌కు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. రికార్డు ఎందుకు, సత్యమ్మనే పిలిచి పాడిద్దామని. గాలయ్యకు నచ్చలేదు. రికార్డు ఉండగా మనిషెందుకు అని మనసులో అనుకున్నాడు. అయినా మైకు ఆమె చేతికి ఇచ్చి, వెనక్కి వెళ్లి ఆంప్లిఫయర్ ముందు కూర్చున్నాడు.

సత్యమ్మ పాట ఎత్తుకుంది. మొదటి వరసే రికార్డులో ఉన్నట్టు లేదు. చాలా నెమ్మదిగా, కింది గొంతుతో పోతోంది. రెండో వరసలో మాటలే వేరు. జనం కదిలారు. వెనక నుంచి ఎవరో "రికార్డు వెయ్యి" అన్నారు. మరో ఇద్దరు అందుకున్నారు. గాలయ్యకు ఒళ్లు మండింది. ఇంత మంచి పాట, తన పాటే, మరిచిపోయి పాడుతోంది అనుకున్నాడు. పాటను కాపాడాలనుకున్నాడు. మైకు సౌండు మెల్లగా తగ్గించేసి, వంగి, రికార్డు మీద సూది పెట్టాడు. హారన్లలో పాత సత్యమ్మ పాడింది. పెండ్లంతా ఏడ్చింది. ఆ సందట్లో అసలు సత్యమ్మ మైకు కిందపెట్టి ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. జైపాల్ వచ్చి, "ఇజ్జత్ కాపాడినవ్ రా గాలయ్యా" అని భుజం తట్టాడు.

"గా ముచ్చట ఇరవై ఏండ్లు నవ్వుకుంట చెప్పిన సారూ నేను. గొప్పగ చెప్పిన. మైకు పని బందైనంక, ఒక్కన్నే గదిల కూసొని రికార్డు వెట్టుకుంటే, గా రెండో వరస కాడ నాకు రికార్డు ఇనవడుడు బందైంది. గా దినం ఆమె పాడిందే చెవులకొస్తది. తప్పు పాడింది అనుకున్న గద, తప్పు గాదు సారూ. రికార్డు కన్న పైన ఉన్నది అది. ఇన్నేండ్లు ఇన్నయన్నిట్ల గసొంటి పాట ఇనలే. నేను రెండు వరసలే ఇన్న. మిగిలింది నా చేతులతోటే బంద్ జేసిన."

ఆ మిగిలింది పెండ్లి వీడియోలో ఉంటుందని అతని ఆశ. జైపాల్ ఇంట్లో అడిగితే, అపార్టుమెంటుకు మారేటప్పుడు పాత సామానంతా జవహర్‌నగర్ మనిషికి వేశామన్నారు. అందుకే ఎనిమిది నెలలుగా ఆ సంచులు.

నాకు కోపం వచ్చింది. "ఆమె ఉందా, పోయిందా?" అన్నాను.

"ఉన్నదంట. చెరువు అవతల, తమ్మునింటికాడ."

"ఇక్కడి నుంచి పదిహేను కిలోమీటర్లు లేదు. మనిషి అక్కడ ఉంటే చెత్తలో వెతుకుతున్నావా? పోయి ఆమెనే అడగొచ్చు కదా!"

"ఏ మొఖం వెట్టుకొని పోవాలె సారూ" అన్నాడు. నేను మనసులో అనుకున్నాను: వీడికి ఇప్పటికీ మనిషి కంటే రికార్డు మీదే నమ్మకం.

ఫిబ్రవరిలో క్యాసెట్టు దొరికింది. జాఫరే ఫోన్ చేశాడు. అట్టమీద జైపాల్ ఇంటిపేరు, తేదీ, రెండో భాగం అని రాసి ఉంది. ఆ సాయంత్రమే అల్వాల్‌లో పాత క్యాసెట్లను పెన్‌డ్రైవులోకి మార్చే దుకాణానికి పోయాం. బూజు పట్టింది, నాలుగు రోజులు పడుతుందన్నాడు దుకాణం అతను. ఆ నాలుగు రోజులూ గాలయ్య తిన్నాడో లేదో నాకు అనుమానమే.

ఐదో రోజు పగలు పదకొండింటికి కంప్యూటరు ముందు కూర్చున్నాం. బొమ్మ గీతలు గీతలుగా ఉన్నా కనబడుతోంది. భోజనాలు, చదివింపులు, వియ్యపురాళ్ల నవ్వులు. గుండె ఆకారంలోంచి పెండ్లికొడుకు ముఖం, ఇంకో గుండెలోంచి పెండ్లికూతురు ముఖం. వీటన్నిటి మీదా ఎడతెగకుండా సినిమా పాటలు.

"మనుషుల మాటలేవీ?" అన్నాను.

దుకాణం అతను నా వైపు జాలిగా చూశాడు. "అప్పట్ల అంతే గద సార్. మిక్సింగ్ అనేటోళ్లు. పెండ్లి లొల్లంత తీసేసి పైన పాటలేసేటోళ్లు. అసల్ సౌండు మొత్తం పోతది."

గాలయ్య ఆ మాట విన్నట్టు లేదు. అప్పటికే తెర మీద సత్యమ్మ ఉంది. నలభై ఏళ్ల మనిషి. చిలకపచ్చ చీర, నుదుటి మీద పెద్ద బొట్టు, చేతిలో మైకు. నోరు కదులుతోంది. వచ్చేది మాత్రం ఎవరో కుర్రజంట పాడుకునే హుషారు పాట. గాలయ్య ఆమె పెదవుల్ని చూస్తూ తనూ చప్పుడు లేకుండా పెదవులు కదిపాడు. మొదటి వరస కలిసింది. రెండో వరస కలిసింది. అక్కడితో అతను ఆగాడు. ఆమె ఆగలేదు.

నోరు కదులుతూనే ఉంది. వెనక జనం తల తిప్పి హారన్ల వైపు చూస్తున్నారు, కళ్లు తుడుచుకుంటున్నారు. అంటే రికార్డు మొదలైందన్నమాట. ఆమె ఇంకా పాడుతూనే ఉంది. కళ్లు మూసుకుని, ఎవరికీ వినపడని మైకు పట్టుకుని పాడుతోంది. నేను గోడ మీది గడియారం చూశాను. దగ్గర దగ్గర ఒక నిమిషం. అప్పుడు కళ్లు తెరిచి, చుట్టూ చూసి, మైకు నేల మీద పెట్టింది.

"నేను బంద్ జేసినంక గూడ పాడింది" అన్నాడు గాలయ్య. "సూది వెడుతుంటి గద, వంగి ఉంటి. సూడలే. ఎంత పాడిందో సూడు సారూ, ఎంత పాడిందో!"

నాలుగైదుసార్లు వేయించుకుని చూశాడు. పెదవులు చూసి మాటలు పట్టుకుందామని. ఒక్క మాట దొరకలేదు. బయటికి వచ్చి దుకాణం మెట్ల మీద కూలబడ్డాడు. అంత పెద్ద మనిషి అల్వాల్ రోడ్డు మీద పట్టపగలు వెక్కివెక్కి ఏడుస్తుంటే నేను పక్కన కూర్చున్నాను. ఏదో ఒకటి మాట్లాడించాలని, "ఆ రెండో వరస ఏమిటో సరిగ్గా చెప్పు, నేను ఎప్పుడూ వినలేదు" అన్నాను.

"సద్ది గట్టలేదు బిడ్డా, సెప్పుల్లేవు కాళ్లకు" అన్నాడు.

నాకు పాట పట్టదు కానీ మాట పడుతుంది. రికార్డులో తల్లి సద్ది మూట కట్టి ఇస్తోంది. ఇక్కడ సద్ది లేదు, కాళ్లకు చెప్పులు లేవు.

"గాలయ్యా, సద్ది లేకుండా, చెప్పుల్లేకుండా సాగనంపేది ఎవరినయ్యా?" అన్నాను.

అతను ఏడుపు ఆపి నా ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్లూ ఆ వరసను రాగంగానే విన్నాడు పాపం. మాట చెవిన పడలేదు. "అయ్యో" అన్నాడు.

తెల్లవారి ఆదివారం. నేను లేచేసరికే బండి మా గుమ్మంలో ఉంది. రికార్డు తీసుకొస్తాడనుకున్నాను, ఉత్త చేతులతో వచ్చాడు. హకీంపేట, తూంకుంట దాటి శామీర్‌పేట చేరేసరికి ఎండ ఎక్కింది. చెరువు కింద ఒకప్పుడు ఆమె నాట్లు వేసిన మళ్లలో ఇప్పుడు ప్లాట్ల రాళ్లు, రంగు జెండాలు. రెండుసార్లు తోవ అడిగి ఆ ఇంటికి చేరుకున్నాం.

సత్యమ్మ వాకిట్లో గోనె పరుచుకుని చింతపండు కొడుతోంది. పక్కన గింజల కుప్ప. డెబ్బై దాటిన మనిషి, సన్నగా ఎండిపోయింది. గాలయ్య ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. తను ఎవరో, ఎందుకు వచ్చాడో తడుముకుంటూ చెప్పాడు. మైకు తగ్గించింది తానేనని చెప్పాడు. "తప్పు జేసిన అక్కా. కాళ్లు మొక్కుత" అన్నాడు.

ఆమె చెయ్యి ఆగలేదు. ఒక కాయ పగలగొట్టి, గింజ తీసి, కుప్పలో వేసి, అప్పుడు మాట్లాడింది.

"నువ్వేనా తమ్మీ అది? నాకు మైకు బందైందని ఎరుకనే లేకుండె. పాడుకుంటనే ఉన్న."

"అక్కా, గా పాట..."

"నా బిడ్డది. రోజారాణి దాని పేరు. పదిహేనేండ్లకు పచ్చకామెర్లొచ్చి పాయె. జైపాల్ పటేలింట్ల పెండ్లికి రెండు నెలల ముంగట. రాను అంటే పటేలుకు కోపమొస్తదని పోయిన. రికార్డుల ఉన్నట్టే పాడి వద్దామనుకున్న. పెండ్లిపిల్ల కాళ్లకు పారాణి వెట్టుకొని నిలవడ్డది. గా కాళ్లు సూసిన. మా పిల్ల సెప్పులడిగింది తమ్మీ, జాతరకు కొనిస్త తియ్యన్న. ఉత్త కాళ్లతోనే ఎత్తుకపోయిండ్రు. ఇగ నోరు తెరిస్తే గదే వచ్చింది. నేను కట్టింది గాదు, అదే వచ్చింది."

గాలయ్య తల వంచుకున్నాడు. నేను గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయని చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

"సగం పాడిన" అంది ఆమె. "ముందుగాల హారన్ల సప్పుడు నా చెవులవడలే. జరసేపైనంక నా గొంతే ఇనవడ్డది, సద్ది గట్టిన బిడ్డా అని. నేను గట్టలే గద, ఎవలు గట్టిండ్రు అనుకున్న. ఎంబడే నోరు మూతవడ్డది. ఇంక శాన ఉండె. కాలువ దాటియ్యాలె, పొలిమేర దాటియ్యాలె, ఎనకకు తిరిగి సూడకు బిడ్డా అని సెప్పాలె. సెప్పలే. గందుకే అది పోలే."

"ఎవలు అక్కా?"

"రోజ. ఈడనే ఉన్నది" అంది, కూర మాడిపోతోంది అన్నంత మామూలుగా. "అప్పగింతలు కాని బిడ్డ యాడికి పోతది? మల్ల నేను ఎన్నడు పాడలే. నాట్లకాడ ఎంత బతిలాడిండ్రో, పాడలే. నోరు తెరిస్తే మిగిలింది బయటికొస్తదని భయం. నువ్వు ఆపకుంటే గా దినమే పోతుండె అది. నీకే నేను దండం వెట్టాలె తమ్మీ."

చింతపండు అంటిన చేతులు రెండూ కలిపి నిజంగానే దండం పెట్టింది. గాలయ్య ఆ చేతులు పట్టుకుని విడదీశాడు. ఆమె తిట్టి ఉంటే, కొట్టి ఉంటే అతనికి బాగుండేది. ఆ దండం మాత్రం అతను మొయ్యలేకపోయాడు. ముప్పై మూడేళ్లు ఒక మనిషి పాట నోట్లోనే పెట్టుకుని బతికింది, దానికి కారణమైనవాడికి దండం పెడుతోంది.

చివరికి అతను అడగనే అడిగాడు. అడగకుండా ఉండలేడు, అతని ప్రాణం అలాంటిది. "అక్కా, గా మిగిలింది ఒక్కసారి పాడుతవా? మైకు లేదు, మిషిను లేదు. నేను ఒక్కన్నే ఇంట."

ఆమె అతని వైపు చూసి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. "పాడితే పోతది గద తమ్మీ. నాకు ఇంకెవలున్నరు? నేను పోయేదాంక ఉండనీ."

నీళ్లిచ్చింది. తాగి వచ్చేశాం. ఆ తర్వాత నెలకోసారి అతను ఆ ఇంటికి పోయేవాడు. పాట అడగలేదని నాతో ఒట్టేసి చెప్పాడు. ఆమె పక్కన కూర్చుని చింతపండు గింజలు తీసేవాడట, రోజారాణి ముచ్చట్లు వినేవాడట. జవహర్‌నగర్ పోవడం మానేశాడు. జాఫర్ రెండుసార్లు ఫోన్ చేసి, "గాలయ్య భాయ్‌కి ఏమైంది సారూ, రికార్డులొచ్చినయి" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక, ఒంట్లో బాగాలేదన్నాను.

కార్తీకంలో సత్యమ్మ తమ్ముడు సిద్దయ్య ఫోన్ చేశాడు. ముసలమ్మ నిన్న మధ్యాహ్నం పోయిందని. మేము పోయేసరికి పది దాటింది. వాకిట్లో పడుకోబెట్టారు. పూలదండలు, అగరొత్తులు, గోడవారన డప్పులు కాచుకునే ఇద్దరు. గాలయ్య దండ వేసి, లేచి, సిద్దయ్యను పక్కకు తీసుకుపోయాడు.

"ఎట్లయింది అన్నా?"

"మంచిగనే ఉండె. నిన్న పొద్దుగాల్ల తానం జేసింది. ఇగ ఆ మూలకు కూసొని పాట వాడింది. నా ఎరుకల అక్క పాడంగ ఇన్నది గదే. రోజ ఉన్నప్పుడు ఇన్న, మల్ల నిన్న."

గాలయ్య అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఏం వాడింది? మాటలు యాదికున్నయా? ఒక్క మాటన్న?"

"యాడిది అన్నా. లోపట టీవీ పెద్దగ వెట్టిండ్రు. బంద్ జెయ్యిండ్రి అందామనుకున్న గని, ముసల్ది ఏందో పాడుకుంటాంది తియ్యని ఊకున్న."

"మరి మొత్తం పాడిందా? నడుమల ఆగిందా?"

సిద్దయ్య ఆలోచించాడు. "శానసేపు పాడింది. నేను బర్రెకు గడ్డేసి, నీళ్లు వెట్టి, ఛాయ్ తాగొచ్చేదాంక పాడుతనే ఉన్నది. అయిపోయినంక నన్ను పిలిచి నీళ్లడిగింది. తాగి పండుకున్నది. ఇగ లేవలే."

"అయిపోయినంక" అన్నాడు గాలయ్య. "అయిపోయినంకనే గద?"

"ఆఁ, అయిపోయినంకనే."

గాలయ్య వెళ్లి ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను పక్కన కూర్చుంటే నా వైపు తిరిగాడు.

"ఎవ్వలు ఇనలే సారూ" అన్నాడు. "ఒక్కలు గూడ ఇనలే."

నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. డప్పులవాళ్లు లేచి నిలబడ్డారు.